కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు

కారు తయారైనపుడు కర్మాగారంలో అమర్చిన సస్పెన్షన్ స్ప్రింగులను తీసివేసి, వాటి స్థానంలో బిగించే పొట్టి స్ప్రింగులను కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు అంటారు. వీటిని వేసినపుడు బండి దేహం నేలకు దగ్గరవుతుంది. మలుపులలో బండి తక్కువగా ఒరుగుతుందని కొందరు, చూపునకు బాగుంటుందని మరికొందరు వీటిని వాడుతారు. స్ప్రింగును ఎన్నుకొనేటప్పుడు ముఖ్యంగా చూడవలసినవి దాని పొడవు, దాని గట్టిదనం, బిగించిన తరువాత చక్రం పైకి కదలడానికి మిగిలే చోటు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే అటవీ ప్రాంతపు రహదారి వంటి చోట్ల వీటన్నిటికంటె ముందు చూడవలసినది గ్రౌండ్ క్లియరెన్స్, అనగా బండి అడుగు భాగానికీ నేలకూ మధ్యనున్న ఎడం.

పేర్లు

తెలుగునాట లారీ, బస్సు, జీపులకు ఉండే పొరల స్ప్రింగును కమాను, కమాను పట్టీ, కమాను కట్ట అని పిలుస్తారు. పారశీకంలో కమాన్ అనగా విల్లు. వంచిన ఉక్కు పట్టీలు విల్లు ఆకారంలో ఉండుటచే ఈ పేరు వచ్చింది. వీధి ముఖద్వారపు తోరణాన్ని కమాను అనడం కూడా ఇదే పదం నుండి కలిగినదే. నేటి కార్లలో అధికంగా కనిపించేది చుట్టలు తిరిగిన స్ప్రింగు. దీనిని మెకానిక్‌లు కాయిల్ అని, కాయిల్ స్ప్రింగ్ అని అంటారు. స్ప్రింగు ఊపును అణచే గొట్టం వంటి పరికరం షాకబ్జార్బరు. ఈ రెండిటి పనులు వేరు. బరువును మోసేది స్ప్రింగు, ఊగిసలాటను ఆపేది షాకబ్జార్బరు. ఈ తేడా తెలియకపోవడం వలన కారు కుంగినపుడు షాకబ్జార్బర్లు మార్పించి, ఎత్తు పెరగలేదని చింతించేవారు ఎందరో ఉన్నారు.

చరిత్ర

స్ప్రింగు సాగుదల లేదా కుదింపు దానిపై పడే బరువుకు అనులోమానుపాతంలో ఉంటుందనే సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఉన్నత పాఠశాల విద్యార్థులు చదివే హుక్ నియమం ఇదే. 1804లో ఇంగ్లండుకు చెందిన ఒబదయా ఇలియట్ గుర్రపు బండ్లకు దీర్ఘవృత్తాకారపు కమానులను అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. మోటారు కార్లు వచ్చిన తరువాత కూడా చాలాకాలం ఈ కమానులే కొనసాగాయి. రోల్స్ రాయిస్‌లోను, తరువాత అమెరికాలోని జనరల్ మోటార్స్‌లోను పనిచేసిన మారిస్ ఆలీ 1930ల తొలినాళ్ళలో జరిపిన పరిశోధనలలో, వెనుక స్ప్రింగుల ఊపు ముందు స్ప్రింగుల ఊపుకంటె కొంచెం త్వరితంగా ఉంటే ప్రయాణం హాయిగా ఉంటుందని తేల్చాడు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన స్ట్రట్, అనగా స్ప్రింగు, షాకబ్జార్బరు ఒకే కంబంగా కలిసిన అమరిక, 1950లో ఇంగ్లండు ఫోర్డు కార్లలో వచ్చింది. నేడు మన రోడ్లపై తిరిగే చిన్నకార్ల ముందు చక్రాలకు ఎక్కువగా ఉండేది ఈ అమరికే.

భారతదేశంలో అంబాసిడర్ కారుకు ముందువైపు మెలి తిరిగే ఉక్కు కడ్డీలు (టార్షన్ బార్లు), వెనుక కమానులు ఉండేవి. ప్రీమియర్ పద్మినికి ముందు కాయిల్, వెనుక కమాను. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తొలి నమూనాకు వెనుకవైపు కమానులే ఉండగా, 1986 నాటి కొత్త నమూనాలో వాటి స్థానంలో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి.

కారును కావాలని కిందికి దించడం రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలోని కాలిఫోర్నియాలో, ముఖ్యంగా మెక్సికో సంతతి యువకులలో ప్రబలింది. స్ప్రింగులను కోయడం, డిక్కీలో ఇసుక మూటలు వేయడం నాటి పద్ధతులు. చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె కారులోని ఏ భాగమూ కిందికి ఉండరాదని ఆ రాష్ట్రం 1958 నుండి నిషేధం విధించింది. దానికి విరుగుడుగా 1959లో రాన్ అగిర్రే అనే వ్యక్తి తన కారుకు హైడ్రాలిక్ పంపులు అమర్చి, కావలసినపుడు దించుకొని, పోలీసులు ఎదురైనపుడు ఎత్తుకొనే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ నిషేధాన్ని 2024 జనవరి నుండి తొలగించారు. జర్మనీలో 1951లో పరిశ్రమల స్ప్రింగుల తయారీతో మొదలైన ఐబాక్ సంస్థ తరువాతి కాలంలో పందెపు కార్లకు, సాధారణ కార్లకు పొట్టి స్ప్రింగులు తయారు చేసి పేరు పొందింది.

గట్టిదనం లెక్క

స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుదియుటకు ఎన్ని న్యూటన్ల బలం కావాలో ఆ సంఖ్యను స్ప్రింగు రేటు అంటారు. కాయిల్ స్ప్రింగు రేటు నాలుగు అంశాలపై ఆధారపడుతుంది. అవి తీగ మందం, చుట్ట వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య, ఉక్కు దృఢతా గుణకం. తీగ మందపు నాలుగవ ఘాతాన్ని దృఢతా గుణకంతో గుణించి, దానిని చుట్ట వ్యాసపు మూడవ ఘాతం, చుట్ల సంఖ్య, 8 వీటి లబ్ధంతో భాగిస్తే రేటు వస్తుంది.

ఉదాహరణకు తీగ మందం 12 మి.మీ., చుట్ట సగటు వ్యాసం 120 మి.మీ., పనిచేసే చుట్లు 6 అనుకొందాము. ఉక్కు దృఢతా గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 79,000 న్యూటన్లు. అపుడు రేటు మి.మీ.కు దాదాపు 19.75 న్యూటన్లు. మిగిలినవన్నీ అలాగే ఉంచి తీగను 13 మి.మీ. చేస్తే రేటు 27.2కు, అనగా దాదాపు 38 శాతం పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు మందంలో ఇంత తేడా ఉన్నది కనుకనే, రెండు స్ప్రింగులను పక్కపక్కన నిలిపి కంటితో చూసి రెండూ ఒకటేనని చెప్పడం పొరపాటు.

పై స్ప్రింగుపై 300 కిలోల బరువు పడితే అది సుమారు 149 మి.మీ. కుదుస్తుంది. ఇలా నిశ్చలంగా కుదిసిన కొలత నుండే బండి సహజ ఊపును లెక్కించవచ్చును. ఈ ఉదాహరణలో అది సెకనుకు 1.29 ఊపులు. సాధారణ ప్రయాణపు కార్లలో ఇది ఒకటికి, ఒకటిన్నరకు మధ్య ఉంటుంది. రేటును రెట్టింపు చేస్తే ఊపు సెకనుకు 1.8 దాటుతుంది. అపుడు గతుకు ప్రతిదీ నడుముకు తెలుస్తుంది.

స్ప్రింగు చక్రానికి సరిగా పైన గాక లోపలివైపు ఉన్న కార్లలో మరొక లెక్క కలుస్తుంది. చక్రం 10 మి.మీ. కదిలినపుడు స్ప్రింగు 7 మి.మీ. మాత్రమే కదిలే అమరికలో, చక్రం వద్ద తెలిసే రేటు స్ప్రింగు రేటులో 0.7 వర్గం, అనగా 49 శాతం మాత్రమే. అదే అమరికలో బరువు కింద స్ప్రింగు పొడవు 21 మి.మీ. తగ్గితే కారు 30 మి.మీ. దిగుతుంది. అందుచేత ఒక కారుకు సరిపడిన స్ప్రింగును మరొక కారుకు కొలతలు కలిశాయని వేయరాదు.

ఎన్నుకొనే విధానం

ఎంత దించాలి అనే ప్రశ్నకు ముందు, చక్రం పైకి కదలడానికి ఎంత చోటు ఉన్నది అనే ప్రశ్న వేసుకోవాలి. కారు నిలిచిన స్థితి నుండి రబ్బరు స్టాపరు తగిలే వరకు చక్రానికి 80 మి.మీ. కదలిక ఉన్నదనుకొందాము. కారును 30 మి.మీ. దించితే అందులో మిగిలేది 50 మాత్రమే. గుంతలో పడిన దెబ్బ తాలూకు శక్తిని స్ప్రింగు తనలో దాచుకొంటుంది. ఆ శక్తి రేటుకు, కదలిక వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కావున 80లో ఇమిడిన దెబ్బ 50లో ఇమడాలంటే రేటు 80ని 50తో భాగించి వర్గం చేసినంత, అనగా 2.56 రెట్లు కావాలి. అంత గట్టి స్ప్రింగుతో కుటుంబం ప్రయాణం చేయజాలదు. అందుచేత తయారీదారులు మధ్యేమార్గంగా కొద్దిపాటి దింపునకు, కొంత మాత్రమే పెంచిన రేటునకు పరిమితమై, రబ్బరు స్టాపరును పొట్టిదిగా ఇస్తారు. ఎంత దించినా ప్రయాణంలో తేడా తెలియదని చెప్పే అమ్మకందారు మాటను ఈ చిన్న లెక్కతో పరీక్షించవచ్చును.

స్ప్రింగులు రేటు మారనివి, క్రమంగా గట్టిపడేవి అని రెండు రకాలు. రెండవ రకంలో ఒక కొసన చుట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. బరువు పెరిగే కొద్దీ అవి ఒకదానిపై ఒకటి ఆని, పనిచేసే చుట్ల సంఖ్య తగ్గి, స్ప్రింగు గట్టిపడుతుంది. కొన్నిసార్లు ఒకరు, కొన్నిసార్లు అయిదుగురు ప్రయాణించే కారుకు ఇది కొంత అనుకూలం.

బిగించిన తరువాత కారును పూర్తిగా జాకీపై ఎత్తి, చక్రం వేలాడినపుడు కూడా స్ప్రింగు తన గిన్నెలో బిగువుగా కూర్చున్నదో లేదో చూడాలి. వదులైన స్ప్రింగు గుంత దాటునప్పుడు గిన్నె నుండి పక్కకు తొలగవచ్చును. షాకబ్జార్బరు పాతదైతే దానిని కూడా మార్చాలి. గట్టి స్ప్రింగు తిరిగి విసురుగా లేస్తుంది కాబట్టి దానిని అణచే శక్తి కూడా ఎక్కువ కావాలి. స్ప్రింగులను ఒకే ఇరుసుకు జంటగానే మార్చాలి.

దించినంత మాత్రాన మలుపులలో ఒరుగు తగ్గుతుందనేది కూడా పూర్తిగా నిజం కాదు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో కింది ఆర్ము బయటి కొస పైకి లేచినట్లై, బండి ఒరిగే కేంద్రం గురుత్వ కేంద్రంకంటె వేగంగా కిందికి జారిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరిగితే ఒరిగించే బలం పెరుగుతుంది. దించిన కారు తక్కువగా ఒరుగుతున్నదంటే అందులో గట్టి స్ప్రింగు పాత్రే అధికం.

చుట్లు కోయడం

కొత్త స్ప్రింగు కొనక, ఉన్న స్ప్రింగులోనే ఒక చుట్టు కోయించే అలవాటు కొన్ని షెడ్లలో ఉన్నది. పై ఉదాహరణలోని స్ప్రింగు బరువు లేనపుడు 360 మి.మీ. పొడవు ఉన్నదనుకొందాము. ఒక చుట్టు కోస్తే పొడవు 50 మి.మీ. తగ్గి 310 అవుతుంది, పనిచేసే చుట్లు 5 అవుతాయి, రేటు 23.7కు పెరుగుతుంది. 300 కిలోల కింద పూర్వం 211 మి.మీ. పొడవున నిలిచేది ఇపుడు 186 వద్ద నిలుస్తుంది. అనగా కారు 25 మి.మీ. మాత్రమే దిగింది, కాని స్ప్రింగు అసలు పొడవు దానికి రెట్టింపు తగ్గింది. షాకబ్జార్బరు పూర్తిగా సాగినపుడు గిన్నెల మధ్య ఎడం 330 మి.మీ. ఉంటే, అపుడు స్ప్రింగు 20 మి.మీ. వదులుగా కదలాడుతుంది. గిన్నెలో కూర్చోవడానికి చదును చేసిన కొస కూడా కోతలో పోతుంది.

గ్యాస్ మంటతో కోయడం, లేదా మంటతో కాల్చి స్ప్రింగును కుంగజేయడం మరింత ప్రమాదకరం. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాచి, నూనెలో చల్లార్చి, తిరిగి 400 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో ఉంచి దానికి తగిన పదును ఇస్తారు. ఆ తరువాత ఎర్రబడేంత వేడి తగిలితే ఆ చోట పదును పోతుంది. ఆ స్ప్రింగు నేడు కాకున్నా రేపు కుంగుతుంది, లేదా విరుగుతుంది.

కమానులున్న వాహనాలలో దింపడానికి ఇరుసుకూ కమానుకూ మధ్య ఉక్కు దిమ్మ వేయడం ఒక పద్ధతి. ఇరుసు కమాను పైన ఉన్నపుడే ఇది కుదురుతుంది. పట్టీ తీసివేయడం మరొకటి. రెండవదానిలో మిగిలిన పట్టీలపై భారం పెరిగి అవి త్వరగా విరుగుతాయి. సరుకు బండ్లకు ఇందుకు విరుద్ధంగా అదనపు పట్టీ వేయించడమే పరిపాటి.

ఖమ్మం - భద్రాచలం మార్గంలో

ఖమ్మం నుండి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం తరువాత దారి 30వ నంబరు జాతీయ రహదారిపై పాల్వంచ, సారపాకల మీదుగా సాగి, 1965లో ప్రారంభమైన గోదావరి వంతెనపై నదిని దాటుతుంది. సింగరేణి బొగ్గు, పాల్వంచ విద్యుత్ కేంద్రం, సారపాక కాగితపు మిల్లు వలన ఈ దారిలో భారీ లారీలు నిత్యం తిరుగుతాయి. బరువైన చక్రాలు ఒకే జాడలో నడిచి తారు రోడ్డుపై గాడులు పడతాయి. రోడ్ల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ప్రమాణంలో 20 మి.మీ. లోతు గాడిని రోడ్డు విఫలమైనదనుటకు గుర్తుగా తీసుకొన్నారు. కారు చక్రాలు గాడులలో నడిచినపుడు మధ్యనున్న గట్టు అంతమేర అడుగు భాగానికి దగ్గరవుతుంది. 20 మి.మీ. గాడిలో, 30 మి.మీ. దించిన కారు 50 మి.మీ. దిగినట్లే.

స్పీడ్ బ్రేకర్ల విషయం ఆసక్తికరమైనది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం, గంటకు 25 కి.మీ. వేగంతో దాటవలసిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపుతో ఉండాలి. ముందు, వెనుక ఇరుసుల మధ్య 2.5 మీటర్లున్న కారు దీని నడుమకు చేరినపుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదనే ఉంటాయి. చక్రాలున్న చోటికంటె నడిమి శిఖరం 4.6 సెం.మీ. మాత్రమే ఎత్తు. కాబట్టి ప్రమాణబద్ధమైన స్పీడ్ బ్రేకరు దించిన కారును కూడా నెమ్మదిగా పోనిస్తే బాధించదు. ఊళ్ళలో ఎవరికి తోచినట్లు వారు వేసిన, మీటరు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు గల గట్టు అలా కాదు. దాని నడిమికి కారు వచ్చేసరికి చక్రాలు రెండువైపులా నేలపైనే ఉంటాయి, పూర్తి 15 సెం.మీ. ఎడమూ కావాలి. ఛాంబరు (ఇంజను నూనె తొట్టి), సైలెన్సరు గొట్టం తగిలేది ఇటువంటి చోటనే. ఛాంబరు పగిలిన సంగతి గమనించక కొన్ని కిలోమీటర్లు నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది. అడవి మధ్యలో మెకానిక్ దొరకడు.

శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం చూడ భద్రాచలం వెళ్ళే కార్లు సాధారణంగా నిండు బరువుతో ఉంటాయి. వెనుక సీటులో ముగ్గురు, డిక్కీలో సామాను కలిపి వెనుక ఇరుసుపై 200 కిలోలు అదనంగా పడినదనుకొందాము. చక్రం వద్ద రేటు ఒక్కొక్క పక్క 20 న్యూటన్లయితే వెనుక భాగం 49 మి.మీ. దిగుతుంది. ఖాళీగా ఉన్నపుడు వెనుక 165 మి.మీ. ఎడమున్న కారుకు 116 మిగులుతుంది. అదే కారుకు 30 మి.మీ. దించే, 25 శాతం గట్టి స్ప్రింగు వేస్తే బరువుకు దిగేది 39 మి.మీ., మొత్తం మీద మిగిలేది 96. అందుచేత ఖాళీ కారు కొలతను మాత్రమే చూసి స్ప్రింగు ఎన్నుకొనరాదు. ఈ మార్గంలో తరచుగా నిండు బరువుతో తిరిగే కారును అసలు దించకుండా ఉంచుటే మేలు. తప్పదనుకొన్నవారు 15 నుండి 20 మి.మీ. దాటకుండుట మంచిది.

నల్లరేగడి నేలలపై వేసిన రోడ్లు వానకు ఉబ్బి, ఎండకు కుంగి అలలుగా మారుతాయి. రెండు అలల మధ్య 13 మీటర్ల దూరముంటే, గంటకు 60 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 1.3 అలలు ఎదురవుతాయి. ఇది పై ఉదాహరణలోని స్ప్రింగు సహజ ఊపుతో సమానం. అపుడు బండి ఉయ్యాలవలె ఊగి, చక్రపు కదలిక చివరి వరకు వినియోగమవుతుంది. అరిగిన షాకబ్జార్బర్లు, తక్కువ కదలిక గల కారు ఈ స్థితిలో అడుగు తగిలించుకొంటాయి.

వానాకాలంలో వాగులపై ఉన్న చప్టాలు దాటవలసి రావడం దుమ్ముగూడెం, చర్ల వైపు దారులలో సాధారణం. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. దించిన కారులో గాలి పీల్చే గొట్టం, వైర్ల జాయింట్లు కూడా అంతమేర నీటికి దగ్గరవుతాయి. ప్రవహించే నీటిలో ఏ కారునూ దింపరాదన్నది వేరే చెప్పనక్కరలేదు. భద్రాచలం నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దిగే వారికి బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. కొన్ని వాహనాలలో వెనుక బరువును బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని మార్చే వాల్వు ఇరుసుకు ఒక కడ్డీతో కలిపి ఉంటుంది. వెనుక భాగం దిగితే, బండి నిండా బరువున్నదని ఆ వాల్వు భ్రమపడి వెనుక చక్రాలకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీ బండిని గట్టిగా ఆపినపుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొని, బండి అడ్డం తిరుగవచ్చును. ఎత్తు మార్చినపుడు ఆ కడ్డీని తిరిగి సరిచేయించడం తప్పనిసరి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను, తయారీదారు పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణ చట్టంతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటుంది. స్ప్రింగులు కొనడానికి ముందుగానే రవాణా శాఖ కార్యాలయంలో విచారించి లిఖితపూర్వకంగా అనుమతి పొందడం, బీమా సంస్థకు తెలియజేయడం క్షేమం. ప్రమాదం జరిగిన తరువాత బీమా పరిహారం విషయంలో ఇది వివాదానికి దారితీయవచ్చును.

పన్నుల చట్టంలో కూడా గ్రౌండ్ క్లియరెన్స్ ప్రస్తావన ఉన్నది. పెద్ద యుటిలిటీ వాహనాలను గుర్తించడానికి పెట్టిన కొలతలలో 170 మి.మీ. ఎడం ఒకటి. ఈ కొలతను బరువు లేని బండికే తీయాలని 2023 జూలైలో జి.ఎస్.టి. మండలి స్పష్టం చేసింది.

బిగించడం, ఆ తరువాత

స్ట్రట్‌లోని స్ప్రింగు నొక్కిపెట్టిన స్థితిలో ఉంటుంది. దానిని సరియైన కంప్రెసరు పరికరంతో పట్టి ఉంచకుండా పైనున్న నట్టు విప్పితే, అది ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. ఈ పని ఇంటి వద్ద చేయదగినది కాదు. బిగించిన తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఎత్తు మారితే చక్రాల ఒంపు, ముందు కొసల దగ్గరతనం మారి, టైర్లు ఒకవైపే అరుగుతాయి. హెడ్‌లైట్ల వెలుగు పడే చోటు కూడా సరిచూడాలి. వెనుకకంటె ముందు ఎక్కువ దిగితే వెలుగు దగ్గరలోనే పడి, చీకటి అడవి దారిలో ముందున్న పశువు ఆలస్యంగా కనిపిస్తుంది. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో మరికొద్దిగా కుంగవచ్చు కనుక, ఎత్తును బిగించిన రోజున ఒకసారి, నెల తరువాత మరొకసారి, చక్రం నడిమి బిందువు నుండి దానిపైనున్న రేకు అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. తీసిన పాత స్ప్రింగులను పారవేయక దాచుకొనాలి. కారు అమ్మేటప్పుడు, లేదా తనిఖీకి తీసుకొని వెళ్ళేటప్పుడు వాటి అవసరం పడుతుంది.